బరువు మోసేది స్ప్రింగు, మాట పడేది మోటారు

అమెరికా నైరుతి ఎడారిలోనో, టెక్సస్ మైదానాల్లోనో గ్యారేజ్ తలుపు మొరాయించిందంటే ఇంటివాళ్ళ చూపు ముందుగా పైకప్పుకు వేలాడే ఓపెనర్ మీదికే పోతుంది. బటన్ నొక్కితే చప్పుడు చేసేది అదే కాబట్టి, తలుపు కదలనప్పుడు తప్పు కూడా దానిదే అనుకుంటారు. కొత్త మోటారు బిగిస్తారు. కొన్నాళ్ళకు అదీ మూలగడం మొదలుపెడుతుంది. తయారీదారులు, భవన నిబంధనలు రాసినవాళ్ళు, మరమ్మతు పనివాళ్ళు వందేళ్ళుగా పోగుచేసిన అనుభవాన్ని ఒకచోట పెట్టి చూస్తే తేలే సంగతి వేరు. ఎక్కువ సందర్భాల్లో ఎండా గాలీ ముందుగా దెబ్బతీసేది తలుపునీ, పట్టాలనీ, సెన్సార్లనీ. మోటారు వంతు చివర వస్తుంది. కాబట్టి మరమ్మతు చేసినా, కొత్తగా బిగించినా తలుపుతో మొదలుపెట్టి మోటారు దగ్గర ముగించాలి. ఈ సమీక్ష చెప్పదలచుకున్నది అదే.

ఇది మనవాళ్ళకు దూరపు విషయమేమీ కాదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి ఇళ్ళలో వీధి గుమ్మం అతిథులకు. ఇంటివాళ్ళు రోజూ వచ్చిపోయేది గ్యారేజ్ గుండానే. ఇంట్లో కదిలే వస్తువులన్నిటిలో పెద్దది, బరువైనది ఆ తలుపే. దాని కిందనుంచే పిల్లలు సైకిళ్ళతో పరుగెత్తుతారు, ఇండియా నుంచి వచ్చి నెలల తరబడి ఉండే అమ్మానాన్నలు నడకకు వెళ్ళొస్తారు. దాని సంగతి తెలుసుకోవడం ఇంటి భద్రతలో భాగం.

తలుపును ఎత్తేది ఎవరు?

అడ్డంగా మడిచే పలకలతో, పట్టాల మీద రోలర్లతో పైకి జరిగే తలుపును 1921లో సి. జి. జాన్సన్ రూపొందించాడు. 1926లో దానికి విద్యుత్ ఓపెనర్ తోడు చేశాడు. నేటికీ మూలసూత్రం అదే. రెండు కార్లు పట్టే తలుపు 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది. పలుచని స్టీలుదైతే 60, 70 కిలోలు. లోపల నురుగు నింపిన రెండు పొరల తలుపైతే 100 కిలోల దగ్గరికి వస్తుంది. చెక్కతలుపు ఇంకా ఎక్కువ.

ఇంత బరువును అర హార్స్‌పవర్ మోటారు సునాయాసంగా ఎత్తుతోందంటే కారణం తలుపు పైన గొట్టానికి చుట్టి ఉన్న టోర్షన్ స్ప్రింగు. తలుపు మూసుకునేటప్పుడు అది మెలితిరిగి బలాన్ని దాచుకుంటుంది, తెరుచుకునేటప్పుడు తిరిగి ఇస్తుంది. మన పొలాల్లో ఏతం ఎలా పనిచేసేదో ఇదీ అలాగే: రెండోవైపు బరువు సరిపోయి ఉంటే బానను ఒక మనిషి తేలిగ్గా తోడగలడు, సరిపోకపోతే నడుం విరుగుతుంది. స్ప్రింగు సరిగ్గా బిగిసి ఉన్న తలుపును ఒక చేత్తో ఎత్తవచ్చు. మోటారు చేయాల్సిందల్లా దాన్ని కదిలించడం, ఆపడం.

మామూలు స్ప్రింగును దాదాపు 10,000 సార్లు తెరిచి మూయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకు నాలుగుసార్లు వాడితే ఏడేళ్ళు వస్తుంది. ఉద్యోగాలు, బడులు, కొనుగోళ్ళు అన్నీ గ్యారేజ్ గుండా నడిచే ఇంట్లో రోజుకు ఎనిమిదిసార్లు వాడితే మూడున్నరేళ్ళే. వేడికి స్ప్రింగు విరుగుతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. గ్యారేజ్‌లో ఉండే వేడి ఆ ఉక్కుకు లెక్కలోది కాదు. దాన్ని విరిచేది వాడకపు అలసట, ఆపైన తుప్పు. అందుకే ఎక్కువగా వాడే ఇంటికి 20,000, 25,000 సార్లకు తట్టుకునే స్ప్రింగులు వేయించుకోవడం తెలివైన ఖర్చు. జత స్ప్రింగుల్లో ఒకటి విరిగితే రెండోదీ అంతే పని చేసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపి మార్చాలి.

ఎండ ఎక్కడెక్కడ తగులుతుంది?

ఫీనిక్స్‌లో 1990 జూన్ 26న ఉష్ణోగ్రత 122 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరింది. అంటే 50 డిగ్రీల సెల్సియస్. 2023 వేసవిలో వరసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. అది నీడలో కొలిచిన వేడి. పడమటి ముఖంగా ఉన్న గ్యారేజ్‌లో, వేడెక్కిన ఇంజన్‌తో కారు వచ్చి నిలిచాక, వేడిగాలి అంతా పైకి చేరి సరిగ్గా ఓపెనర్ ఉన్న చోటే పోగవుతుంది.

అక్కడ మొదట బలహీనపడేది కెపాసిటర్. పాత ఏసీ మోటారు ఓపెనర్లలో మోటారుకు తొలి ఊపు ఇచ్చేది అదే. ఈ రకం కెపాసిటర్ల ఆయుష్షు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుందన్నది ఎలక్ట్రానిక్స్ పనివాళ్ళు నమ్మి నడిచే లెక్క. మోటారు హమ్మని మూలిగి కదలకపోతే ముందు దాన్నే చూస్తారు. కరెంటు పోయినప్పుడు ఆదుకునే లెడ్ యాసిడ్ బ్యాటరీదీ ఇదే కథ. చల్లని చోట వచ్చినన్నేళ్ళు ఎడారి గ్యారేజ్‌లో రాదు. కంట్రోల్ బోర్డు మీద అతుకులు పగటి వేడికి వ్యాకోచించి, రాత్రికి సంకోచించి, ఏళ్ళ తరబడి అలసిపోతాయి. ఇక వేడెక్కిన మోటారు తనంతట తాను ఆగిపోవడం చెడిపోవడం కాదు. లోపలి రక్షణ మీట చేసే పని అది. వరసగా నాలుగైదుసార్లు తెరిచి మూశాక ఆగితే కాసేపు చల్లారనివ్వాలి.

తలుపు మీద ఎండ మరోలా పనిచేస్తుంది. 16 అడుగుల స్టీలు పలక 40 డిగ్రీల తేడాకు పొడవులో రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. అదొక్కటే అయితే ఇబ్బంది లేదు. రెండు పొరల తలుపులో బయటి పొర కాలిపోతూ, లోపలి పొర చల్లగా ఉంటే పలక విల్లులా బయటికి వంగుతుంది. ముదురు రంగు వేసిన, పడమటి ఎండ తగిలే తలుపుల్లో ఇది ఎక్కువ. అప్పుడు అంచులు రాసుకుంటాయి, రోలర్లు పట్టాల్లో బిగుసుకుంటాయి, ఓపెనర్ అడ్డేదో తగిలిందనుకుని తలుపును వెనక్కి తిప్పుతుంది. పొద్దున బాగా నడిచిన తలుపు సాయంత్రం మొరాయిస్తే మోటారును కాదు, రంగునూ ఎండనూ అనుమానించాలి. వేడి ప్రాంతంలో లేత రంగు తలుపు అందం కోసం కాదు, పని కోసం ఎంచుకోవాలి.

ఎండ చేసే మరో చిత్రమైన పని సెన్సార్ల మీద. తలుపుకు రెండు పక్కలా నేలకు దగ్గరగా ఉండే రెండు కళ్ళలో ఒకటి కంటికి కనిపించని పరారుణ కిరణం పంపుతుంది, ఇంకొకటి అందుకుంటుంది. వాలిన పొద్దు సూటిగా అందుకునే కంట్లో పడితే అది కిరణాన్ని గుర్తించలేదు. తలుపు కొంచెం దిగి మళ్ళీ పైకి పోతుంది. సంవత్సరంలో కొన్ని వారాలు, రోజులో ఒక గంట మాత్రమే ఇలా జరుగుతుంది కాబట్టి, పనివాడు పొద్దున వచ్చి చూస్తే అంతా బాగానే ఉంటుంది. పరిష్కారానికి పెద్ద ఖర్చు లేదు. అందుకునే కంటిని నీడ ఉండే వైపుకు మార్చడం, లేదా దాని ముందు చిన్న గొట్టంలాంటి తొడుగు పెట్టడం చాలు.

గాలి బలం లెక్కకు అందేదే

గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకు 58 మైళ్ళు దాటితే అమెరికా వాతావరణ శాఖ దాన్ని తీవ్రమైన ఉరుముల గాలివానగా ప్రకటిస్తుంది. ఆ వేగానికి 16 అడుగులు, 7 అడుగుల తలుపు మీద పడే నెట్టుడు దాదాపు 440 కిలోలు. 100 మైళ్ళకు 1,300 కిలోలు. 2024 మే 16న హ్యూస్టన్ మీద విరుచుకుపడిన గాలివాన అంతటిదే. ఇంటి మూలల దగ్గర సుడులు, లాగుడు కలిపితే అసలు భారం ఇంకా మారుతుంది. ఈ మోతాదులో ఓపెనర్ చేయి చేయగలిగింది ఏమీ లేదు. అది తలుపును పైన మధ్యలో ఒక్కచోట పట్టుకుంటుంది. గాలిని ఆపాల్సింది పలకలు, వాటి వెనక అడ్డపట్టీలు, రోలర్లు, పట్టాలు, ఆ పట్టాలను గోడకు పట్టి ఉంచే బ్రాకెట్లు.

అవి ఓడిపోతే ఏమవుతుందో 1992 ఆగస్టు 24న ఫ్లోరిడాను తాకిన ఆండ్రూ హరికేన్ చూపించింది. గ్యారేజ్ తలుపు లోపలికి కూలగానే గాలి ఇంట్లోకి దూరి పైకప్పును లోపలినుంచి తోసింది. బయటినుంచి అదే గాలి పైకి లాగింది. కప్పులు లేచిపోయాయి. ఆ అనుభవంతో దక్షిణ ఫ్లోరిడాలో తలుపుల పరీక్షలు కఠినమయ్యాయి. 4 కిలోల బరువున్న చెక్క దుంగను గంటకు 34 మైళ్ళ వేగంతో తలుపుకేసి కొట్టి చూస్తారు. 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే భవన నియమావళి అమలైంది. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అతి విలువైన పాఠం ఇదే: గ్యారేజ్ తలుపు కారుకు మాత్రమే కాపలా కాదు, ఇంటి కప్పుకు కూడా.

ఎడారి ఊళ్ళలో హరికేన్ రాదు. అరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు సాగే వానాకాలంలో దుమ్ముగోడల్లాంటి తుఫాన్లు వస్తాయి. వాటి దెబ్బ వేరు. సన్నటి ఇసుక రోలర్ల బేరింగుల్లోకి, సెన్సార్ల అద్దాల మీదికి, చైన్ జిడ్డులోకి చేరుతుంది. ఎండకు బిరుసెక్కి పగిలిన అడుగు రబ్బరు ఆ ఇసుకకు దారి ఇస్తుంది. అందుకే అక్కడ గ్రీజు ఎంత రాశామన్నది కాదు, ఎక్కడ రాశామన్నది ముఖ్యం. స్ప్రింగుకు, కీళ్ళకు, రోలర్ల బేరింగులకు పలుచని పూత చాలు. పట్టాలకు అసలు రాయకూడదు, తుడవాలి. పట్టాలో గ్రీజు పడితే దుమ్ము అంటుకుని మట్టిపేస్టు అవుతుంది.

గాలి వీస్తున్నప్పుడు తలుపు మధ్యలో ఆగి వెనక్కి పోతే చాలామంది ఓపెనర్‌లో బలం పెంచే మరను తిప్పుతారు. ఇది చేయకూడని పని. ఆ మర గాలిని ఎదిరించడానికి లేదు. కింద ఎవరైనా చిక్కితే ఎంత ఒత్తిడికి వెనక్కి తిరగాలో చెప్పడానికి ఉంది. గాలి కోసం బలం పెంచితే, గాలి లేని రోజున ఒక పిల్లవాడి మీద ఆ బలం పడుతుంది.

ఏ ఓపెనర్ ఎవరికి?

చైన్‌తో నడిచేది చవక, మొండిది, చప్పుడు ఎక్కువ. వేడిని బాగానే తట్టుకుంటుంది, కానీ దుమ్మును పట్టుకుంటుంది. బెల్టుది నెమ్మదిగా, చప్పుడు లేకుండా పోతుంది. గ్యారేజ్ పైన పడకగది ఉంటే అదే మేలు. పొడవాటి మర మీద నడిచే స్క్రూ రకానికి భాగాలు తక్కువే గాని, ఎండకు గ్రీజు ఎండిపోయి, దుమ్ము కలిసి, మర మీద జరిగే బండి అరిగిపోతుంది. ఎడారికి దాన్ని నేను సూచించను.

నాలుగోది తలుపు పక్కన గోడకు బిగించి, స్ప్రింగు గొట్టాన్నే తిప్పే రకం. ఇది కప్పు కింద పోగయ్యే వేడికి కొంత దూరంగా ఉంటుంది. తలుపు మూసుకోగానే పట్టాకు గడియ వేసే మోటారు గొళ్ళెం దీనికి జతచేయవచ్చు. అయితే స్ప్రింగు, కేబుళ్ళు నిక్కచ్చిగా ఉంటేనే ఇది కుదురుగా నడుస్తుంది. ఎదురుగాలికి తలుపు పట్టాలకు అతుక్కుని దిగకపోతే కేబుల్ వదులై, రక్షణ మీట పనిచేసి, మోటారు ఆగిపోతుంది. అందువల్ల పాత, ఊగే తలుపుకు దీన్ని తగిలించి లాభం లేదు.

మోటారు విషయానికి వస్తే డీసీ రకం మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, బ్యాటరీతో నడవగలదు. ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాబట్టి వేడికి సున్నితం. నా తీర్పు ఇది: గాలి, కార్చిచ్చు, కరెంటు కోతలు కలిసి వచ్చే చోట బ్యాటరీ ఉన్న డీసీ ఓపెనరే తీసుకోవాలి. 2017 అక్టోబర్‌లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో కరెంటు పోయి, గ్యారేజ్ తలుపు తెరవలేక వృద్ధులు చిక్కుకుపోయిన ఘటనల తర్వాత ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2019 జులై 1 నుంచి అక్కడ అమ్మే, బిగించే ప్రతి కొత్త ఇంటి ఓపెనర్‌కూ బ్యాటరీ ఉండాలి. మిగతాచోట్ల చట్టం లేకపోయినా కారణం ఉంది. బ్యాటరీని మాత్రం గడువు చూసి మార్చాలి. ఎండకు చచ్చిన బ్యాటరీ ఉన్నా లేనట్టే.

బిగించేటప్పుడు, బాగుచేసేటప్పుడు

కొత్తది బిగించేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న తలుపు బరువెంత, దానికి స్ప్రింగు సరిపోతోందా అని. గాలికి తట్టుకోవాలని అడ్డపట్టీలు చేర్చితే తలుపు బరువు పెరుగుతుంది. స్ప్రింగు మార్చకుండా పట్టీలు బిగిస్తే ఆ అదనపు బరువంతా మోటారు పళ్ళచక్రం మీద పడుతుంది. చాలా ఓపెనర్లలో ఆ చక్రం నైలాన్‌ది. మోటారు గిర్రున తిరుగుతున్నా చైన్ కదలకపోతే, పెట్టె అడుగున తెల్లటి పొడి రాలి ఉంటే, అరిగింది అదే. చక్రం మార్చడం తేలిక, చవక. దాన్ని అరగదీసిన బరువును సరిచేయకపోతే కొత్త చక్రమూ అదే దారి పడుతుంది.

ఓపెనర్‌ను పైకప్పు దూలాలకు గట్టి ఇనుప పట్టీలతో బిగించాలి. ప్లాస్టర్ బోర్డును నమ్మకూడదు. దానికంటూ ప్లగ్ పాయింటు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ తీగ పనికిరాదు. పిడుగులు పడే ప్రాంతంలో సర్జ్ ప్రొటెక్టర్ పెడితే బోర్డు దక్కుతుంది. గోడ బటన్ నేలకు 5 అడుగుల ఎత్తున, చిన్నపిల్లల చేతికి అందకుండా ఉండాలి. సెన్సార్లు నేలకు 6 అంగుళాలకు మించి ఎత్తున ఉండకూడదు.

మరమ్మతుకు వరుస ఇది. తలుపు మూసి ఉండగా ఓపెనర్ నుంచి వేలాడే ఎర్రతాడు లాగి తలుపును మోటారు నుంచి విడదీయండి. చేత్తో ఎత్తండి. బరువుగా ఉంటే మోటారు తప్పు కాదు. సగంలో వదిలితే అక్కడే నిలవాలి. జారిపడినా, పైకి ఎగిరినా స్ప్రింగు సరిగా లేదు. తేలిగ్గా నడిస్తే రోలర్లు, పట్టాలు చూడండి. తర్వాత సెన్సార్ల అద్దాలు తుడిచి, ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కెపాసిటర్, చక్రం, బోర్డు. తలుపు తెరిచి ఉండగా ఎర్రతాడు లాగవద్దు. స్ప్రింగు విరిగి ఉంటే తలుపు మొత్తం ఒక్కసారిగా కిందికి వస్తుంది.

స్ప్రింగును, అడుగు మూలల్లో కేబుళ్ళు తగిలించిన బ్రాకెట్లను ఇంటివాళ్ళు ముట్టుకోకూడదు. మెలిపెట్టిన స్ప్రింగులో దాగిన బలం చేతులు విరిచేంత. అది నేర్చినవాళ్ళ పని.

రాజీ పడకూడని చోటు

అమెరికాలో 1980లలో ఈ తలుపుల కింద చిక్కి పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. ఆ దుఃఖం నుంచి 1990లో చట్టం వచ్చింది. 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి ఓపెనర్‌కూ సెన్సార్ కళ్ళో, అంచున తాకిడి గుర్తించే పట్టీయో తప్పనిసరైంది. యుఎల్ 325 అనే భద్రతా ప్రమాణం దీనికి ఆధారం. ఎండ వల్లో, దుమ్ము వల్లో కళ్ళు మొరాయిస్తున్నాయని వాటిని ఊడబీకి కప్పు దగ్గర ఒకదానికొకటి ఎదురుగా కట్టేసేవాళ్ళున్నారు. గోడ బటన్ నొక్కిపట్టి మూయడం అలవాటు చేసుకున్నవాళ్ళున్నారు. ఈ రెండూ పిల్లల ప్రాణాలతో చెలగాటం. నెలకోసారి ఒకటిన్నర అంగుళం మందం చెక్కముక్కను నేలమీద పడుకోబెట్టి తలుపు మూసి చూడాలి. తాకగానే వెనక్కి తిరగకపోతే, బాగయ్యేదాకా ఆ ఓపెనర్‌ను వాడకూడదు. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకు ఎర్రతాడు ఎక్కడుందో, కరెంటు పోతే తలుపెలా ఎత్తాలో మొదటి వారంలోనే చూపించాలి.

మన ఊళ్ళ షట్టర్లకూ ఇదే లెక్క

తెలుగు నేల మీద గ్యారేజ్ తలుపులు తక్కువే గాని మోటారు షట్టర్లు వీధి వీధికీ వచ్చాయి. గాలి భారాలకు మన జాతీయ ప్రమాణం ఐఎస్ 875. అది విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44 మీటర్లు మూలవేగంగా తీసుకుంటుంది. విశాఖ వేగానికి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. మూడు మీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న దుకాణం షట్టర్ మీద 1,370 కిలోలకు పైనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకిన తర్వాత ఈ లెక్కలు కాగితానివి మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. షట్టర్ రేకుల మందంతో పాటు, రేకుల అంచులు పక్క గైడ్లలో ఎంత లోతుకు దిగాయో, గైడ్లు గోడకు ఎన్ని బోల్టులతో ఉన్నాయో అడగాలి. మోటారు పెట్టించేవాళ్ళు కింద సెన్సార్‌నూ, కరెంటు పోతే చేత్తో తిప్పే గొలుసునూ అడిగి మరీ పెట్టించుకోవాలి.

మొత్తం మీద ఖర్చు వరుసను తిరగరాయాలని నా మనవి. మొదటి రూపాయి, మొదటి డాలరు స్ప్రింగు సమతూకానికి, రెండోది గాలికి తట్టుకునే పట్టీలకూ బ్రాకెట్లకూ, మూడోది సెన్సార్లకూ బ్యాటరీకీ, మిగిలింది మోటారుకు. ఇల్లు కొనేవాళ్ళు వంటగది రాయి రంగు అడిగినంత పట్టుదలతో, గ్యారేజ్ తలుపు ఎంత గాలికి పరీక్షించిందో చూపే చీటీ అడగాలి. అడిగేవాళ్ళు పెరిగితే కట్టేవాళ్ళు పెడతారు. ఫ్లోరిడా ఆ పని ఒక విపత్తు చూశాక చేసింది. మనం విపత్తుకు ముందే చేయవచ్చు.